‘దేవుని చలువ’: అడిగే మాటా, తలచుకునే మాటా?

కృప, దయ, కరుణ, అనుగ్రహం అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే కదా, దేవుడు చేసిన మేలును చెప్పుకోవడానికి తెలుగుకు సొంత మాట లేదా అని నిన్న ఒక సభ్యురాలు అడిగారు. ఉన్నదనే నా అభిప్రాయం. ఆ మాట ‘చలువ’. మా దేవరకొండ వైపు పల్లెల్లో ‘సలువ’ అంటారు.

చలి, చల్లన, చన్నీళ్లు, చలివేంద్రం, చలిమిడి అన్నీ ఈ కుదురులోవే. చలిది అన్నమే చల్దన్నమై, చద్దన్నమై, మా నోట సద్ది అయింది; పొలానికి కట్టుకుపోయే సద్దిమూటలోనూ, సద్దుల బతుకమ్మ పేరులోనూ ఉన్నది ఆ చల్లదనమే.

నాకు ముఖ్యంగా తోచేది ఈ మాట వాడుక. దయ చూపమంటాం, కృప చూపమంటాం. చలువ చూపమని మాత్రం ఎవరూ అనరు. ‘చలువ చేయు’ అంటే ఒంటికి చల్లదనమివ్వడమో, బట్టలు ఉతకడమో అవుతుంది. వేడుకోవలసి వస్తే బోనమెత్తిన తల్లులు పోచమ్మను ‘సల్లంగ సూడు తల్లీ’ అంటారు. చలువ అన్న నామం మేలు జరిగిన తరువాతే నోటికి వస్తుంది: ‘దేవుని చలువ వల్ల’, ‘అంతా ఆయన చలువే’. అందుకని ఇది కోరికకు కాక, అందినదాన్ని గుర్తుపట్టడానికి పుట్టిన మాట అని నేను నమ్ముతాను.

మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లే ఏళ్ల తరబడి తాగి ఎముకలు వంగిపోయినవారిని చూస్తూ నేను పెరిగాను. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చిన నాడు మా నాయినమ్మ వాటిని కొత్తకుండలో పోసి, రాత్రంతా ఉంచి, తెల్లవారి ఒక్క గ్లాసు నెమ్మదిగా తాగి, ‘దేవుని సలువ బిడ్డా’ అన్నది. అంతకు మించి ప్రార్థన ఏదీ చేయలేదు.

తెలుగు బైబిలు ‘కృప’నే తీసుకున్నది. అయినా మత్తయి సువార్త 10వ అధ్యాయం చివర ‘గిన్నెడు చన్నీళ్లు’ అన్నచోట నాకు ఆ కుండే గుర్తుకు వస్తుంది.

మహబూబ్‌నగర్ సభ్యుని స్పందన:
మీరు చెప్పినది చాలావరకు ఒప్పుకుంటాను. అయితే మా పాలమూరులో ప్రాణం పోయినవారిని గురించి కూడా ‘ఒళ్లు సల్లవడ్డది’ అంటారు. చావుకు చెల్లిన చల్లదనం కృపకు ఎట్లా సరిపోతుంది? పైగా ‘సారు చలువతో పింఛను వచ్చింది’ అని మనుషులకూ వాడుతున్నాం కదా.

నా సమాధానం:
మంచి ప్రశ్న అడిగారు. చల్లబడటం, చల్లారటం అనే క్రియలు ఉన్న వేడి పోవడాన్ని చెబుతాయి. చలువ అట్లా కాదు, అది ఇంకొకచోటి నుంచి వచ్చి మనల్ని తాకే హాయి: వేపనీడ చలువ, కుండనీళ్ల చలువ, మీ చలువ. తన చలువతో తానే బాగుపడ్డానని ఎవరైనా అనగా నేను వినలేదు. దీవెనలో ‘నీ కడుపు సల్లగుండ’ అన్నప్పుడు కూడా మనం కోరేది చావును కాదు, బిడ్డలు క్షేమంగా ఉన్న తల్లి నిమ్మళాన్ని.

మనుషులకు వాడటం ఈ మాటకు లోపమని నేననుకోను. ఆ ఉదయమే నల్లా బిగించిన పిల్లవాడు, నీళ్లు కారుతున్నాయేమో చూసిపోదామని మా ఇంటికి వచ్చాడు. దేవుణ్ణి తలచుకున్న నోటితోనే నాయినమ్మ ‘నీ సలువనే కొడుకా’ అని, కుండలో నుంచి రెండో గ్లాసు ముంచి అతనికి ఇచ్చింది.