మొదటి పేరా దాటడం లేదు, ముగింపూ కుదరడం లేదు – సాయం చేయండన్నా

హంద్రీ ఒడ్డు (కర్నూలు):
పొద్దున్నుంచీ కూర్చున్నా, వ్యాసం మొదటి పేరా దాటడం లేదు. రాయడం, కొట్టేయడం, ఇదే పని. మధ్యలోకి పాయింట్లన్నీ ఉండాయి. ఉపోద్ఘాతమే తేలిపోతాంది. ముగింపు చూస్తే అదే మాట తిప్పి రాసినట్టుంది. ఎట్ల మొదలుపెట్టాల, ఎట్ల ముగించాల? తెలిసినోళ్లు చెప్పండన్నా.

గుత్తి కోట:
అంశం ఏంది? ఎన్ని పదాలు? నువ్వు ఏ పక్షం?

హంద్రీ ఒడ్డు:
సివిల్స్ మెయిన్స్ ప్రాక్టీసన్నా, తెలుగు మీడియం. ‘రాయలసీమ కరువుకు ప్రాజెక్టులే పరిష్కారమా?’ అనేది అంశం. రెండు పక్కలా రాసినా.

పెన్నా తీరం (కడప):
సీమ నీళ్ల మీద రాస్తూ శ్రీబాగ్ ఒడంబడిక ఎత్తకుండా ఎట్ల మొదలుపెడతావు? 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు చేసుకున్న ఒప్పందం అది. ఈ తేదీని 1953తో కలిపేసి రాసేవాళ్లు ఎంతమందో! 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, అది వేరే సంగతి. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు హక్కు అన్న మాట ఆ ఒడంబడికలోనే ఉంది. చరిత్ర తెలియకుండా రాసే వ్యాసానికి విలువ లేదు.

గుత్తి కోట:
తేదీలు కరెక్టే. కానీ అవి రెండో పేరాకి.

ఎర్రమల కొండలు (అనంతపురం):
తమ్ముడూ, నీ చిక్కు ఉపోద్ఘాతంలో లేదు. ‘రెండు పక్కలా రాసినా’ అన్నావు చూడు, అక్కడుంది. నువ్వు ఏమంటున్నావో నీకే తేలకపోతే మొదటి పేరా దేన్ని పరిచయం చేయాల? ముందు రఫ్ పేజీలో ఒకే వాక్యం రాయి: ‘ప్రాజెక్టులు అవసరమే, అయినా వాటితోనే కరువు తీరదు, ఎందుకంటే...’ ఆ ‘ఎందుకంటే’ తర్వాత రెండు కారణాలు రాకపోతే వ్యాసం మొదలుపెట్టొద్దు.

అది కుదిరినాక 80 నుంచి 100 పదాల్లో ఉపోద్ఘాతం. మొదటి వాక్యానికి ఒక పరీక్ష ఉంది. అంశాన్ని చేత్తో మూసి ఆ వాక్యం చదువు. ‘నీరు ప్రాణాధారం’ లాంటి వాక్యం నదుల వ్యాసానికీ, కాలుష్యం వ్యాసానికీ సరిపోతుంది, కొట్టేయ్. ఇట్ల రాసి చూడు:

‘133 టీఎంసీలతో కట్టిన తుంగభద్ర జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 టీఎంసీలే పడుతున్నాయి. కాలువ తవ్వినా, అందులోకి వచ్చే నీళ్లే తగ్గుతుంటే ఆయకట్టు చివరి రైతుకు మిగిలేదెంత? సీమకు ప్రాజెక్టులు కావాలి. అయినా పూడిక, పంటల ఎంపిక, చెరువుల సంగతి పట్టించుకోకుండా ప్రాజెక్టులతోనే కరువు తీరదు.’

అంకె వచ్చింది, దాంట్లోంచి ప్రశ్న పుట్టింది, అవతలి పక్షానికి ఒక మాట ఒప్పుకున్నావు, నీ వైఖరి చివర పడింది. పూడిక, పంటలు, చెరువులు అనే ఆ వరసలోనే లోపలి పేరాలు నడవాలి.

పెన్నా తీరం:
ఇది వాదన వ్యాసం అయింది. అంశం చివర ప్రశ్నార్థకం ఉంది కాబట్టి చర్చా వ్యాసం రాయాల, రెండు పక్షాలూ సమానంగా.

ఎర్రమల కొండలు:
‘ప్రాజెక్టులే’ అని ‘ఏ’ ఒత్తి అడిగినాడు కదా, దానికి జవాబు చెప్పాల్సిందే. అవతలి పక్షానికి రెండు పేరాలు ఇద్దాం. తీర్పు దాటేస్తే మాత్రం మార్కులు పోతాయి.

గుత్తి కోట:
పరీక్షలో 3 గంటలకు 2 వ్యాసాలు, ఒక్కోటి 1000–1200 పదాలు, 125 మార్కులు. గంటన్నరలో 15 నిమిషాలు రఫ్‌కే. ఉపోద్ఘాతం ఆఖర్న రాద్దామని ఖాళీ వదలొద్దు. చోటు చాలకపోయినా, మిగిలిపోయినా పేజీ అసహ్యంగా ఉంటుంది.

హంద్రీ ఒడ్డు:
మరి ముగింపు? నేను ‘ప్రభుత్వం, ప్రజలు కలిసికట్టుగా కృషి చేయాలి’ అని పెట్టినా.

ఎర్రమల కొండలు:
తీసేయ్. ఎవరు, ఏం చేయాల? దానికి పేరు పెట్టు. అనంతపురంలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అయినా వేరుశనగ ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే వేళ రెండు మూడు వారాలు చినుకు లేకపోతే పంట పోయినట్టే. ఇది లోపల వాదించి ఉంటే, ముగింపులో ‘ఊడల దశలో ఒక తడికి సరిపడా నీటిని చెరువుల్లో, సేద్యపు కుంటల్లో నిలిపేలా ప్రాజెక్టు నీటిని పంచాలి’ అని తేల్చొచ్చు. లోపల లేని అంకె ముగింపులో కొత్తగా దింపితే, అది ముందే ఎందుకు చెప్పలేదని దిద్దేవాళ్లకు అనుమానం వస్తుంది. నీ వాదన ఎక్కడ వర్తించదో కూడా ఒక వాక్యంలో ఒప్పుకో. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరి రైతు కష్టం, హంద్రీ-నీవా ఎత్తిపోతల నీళ్లు ఇంకా చేరని మెట్ట రైతు కష్టం ఒకటి కావు.

పెన్నా తీరం:
శ్రీబాగ్‌ను ముగింపులోనన్నా పెట్టు.

గుత్తి కోట:
లోపల వాదించి ఉంటేనే.

చిత్రావతి:
నాదీ ఇట్లాంటిదే. సామెతతో మొదలుపెట్టొచ్చా? అంశం ‘మాతృభాషలో బోధన’.

హంద్రీ ఒడ్డు:
‘ఎందుకంటే’ తర్వాత ఒక కారణమే వచ్చిందన్నా. రెండోది చూస్తాండా. థ్యాంక్స్.