అక్టోబర్ 6 స్టాల్: ఎవరెవరు ఏం తెస్తున్నారు?

కోఆర్డినేటర్: అందరికీ నమస్కారం. జర్మన్-అమెరికన్ డేకి ఇక్కడి ఫిలడెల్ఫియా జర్మన్ క్లబ్బువాళ్లు మన తెలుగు సంఘాన్నీ పిలిచారు. ఒక టేబుల్, రెండు కుర్చీలు ఇస్తారు. పరిచే గుడ్డ మనదే. ఉగాదికి వాడింది మాత్రం వద్దు, పచ్చడి మరక ఇంకా పోలేదు.

పోస్టర్ తమ్ముడు: అన్నా, డ్రాఫ్ట్ పెట్టాను. "1987 నుంచి ప్రతి ఏటా జాతీయ సెలవు" అని రాశాను, సరేనా?

కోఆర్డినేటర్: అది కొట్టెయ్ తమ్ముడూ. సెలవు కాదు, నేనే ఆఫీసులో లీవ్ అడుక్కుంటున్నా. 1987లో అమెరికా చట్టసభ, అదే కాంగ్రెస్, ఉమ్మడి తీర్మానం చేసింది. ఆగస్టు 18న అప్పటి అధ్యక్షుడు రీగన్ సంతకం పెడితే చట్టమైంది, నంబరు 100-104. అందులో ఉన్నది ఆ ఒక్క ఏడాది అక్టోబర్ 6 గురించే. ఆ తర్వాతంతా అధ్యక్షుల ప్రకటనలతో నడుస్తోంది.

ఫుడ్ కమిటీ అక్క: ఆ తేదీయే ఎందుకు తమ్ముడూ?

కోఆర్డినేటర్: 1683లో అదే రోజున జర్మనీలోని క్రెఫెల్డ్ నుంచి 13 కుటుంబాలు కాంకర్డ్ అనే ఓడలో ఇక్కడ దిగాయక్కా. మన ఊళ్లోని జర్మన్‌టౌన్ పేట ఆ వచ్చినవాళ్లు కట్టుకున్నదే. చాలామంది నార బట్ట నేసేవాళ్లు.

ఫుడ్ కమిటీ అక్క: నేతవాళ్లా! మరి ఇంతసేపూ సమోసాల గురించి కొట్టుకున్నామేంటి? మా అమ్మ ఇచ్చిన మంగళగిరి చీర తెస్తాను. పోచంపల్లి దుప్పట్టా కూడా ఉంది. నేశాక అద్దకం వేసింది కాదని, నూలుకే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారని దగ్గరుండి చూపిస్తా. అంచు తిరగేస్తే తెలిసిపోతుంది.

బాబాయి గారు: మంచి ఆలోచనమ్మా. తమ్ముడూ, పోస్టర్‌లో ఆ బీరు గ్లాసు బొమ్మ తీసెయ్యి. వాళ్లంటే అదొక్కటేనా? 1688లో ఇదే జర్మన్‌టౌన్‌లో నలుగురు బానిసత్వం తప్పని రాసి సంతకాలు పెట్టారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల సమావేశాలు ఆ కాగితాన్ని ఒకదాని నుంచి ఇంకోదానికి తోసి చివరికి పక్కన పడేశాయి. ఆ ముక్క రాయి.

పోస్టర్ తమ్ముడు: రాస్తాను బాబాయి గారూ. గ్లాసు మూల చిన్నగా ఉంచనా?

బాబాయి గారు: వద్దు.

కోశాధికారి: పులిహోర 60 మందికి చాలు, పోయినసారి మిగిలిపోయింది. అక్కా, చీర మీద ప్లాస్టిక్ షీటు వెయ్యండి. జనం పసుపు చేతులతోనే వచ్చి పట్టుకుంటారు.

ఫుడ్ కమిటీ అక్క: చీర ఒక చివర, పులిహోర ఇంకో చివర. రెండో కుర్చీలో ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. చెయ్యెత్తండి.