సమస్యాపూరణం: కళాకారుల చదరంగం

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి.

*తెలుపు తెలుపుతోడ తలపడినది*

కళాకారులు చేత్తో మలచిన చదరంగపు పావులే వస్తువు. పాదంలో ప్రాసయతి పడింది (యతి స్థానంలో మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు, ‘తెలుపు’లో, ‘తలప’లో లకారాలు, కలిశాయి), గమనించండి. మల్లెలు, వెన్నెల, హంసలు ఈసారికి వద్దు.

పద్యప్రియ:

పావులన్ని తెలుపు, బల్లయుఁ దెలుపయ్యె
పగను మఱచి నిలిచె బంట్లబారు
యోకొ చేతిలోన యుద్ధమే శాంతియై
తెలుపు తెలుపుతోడ తలపడినది

1966లో లండన్‌లో జపాన్ కళాకారిణి యోకో ఓనో ప్రదర్శించిన తెల్ల చదరంగం గురించి రాశాను. గళ్లూ తెలుపే, రెండు పక్షాల పావులూ తెలుపే.

నిర్వాహకుడు: ఎత్తుగడ చక్కగా ఉందమ్మా. ‘యోకో’ను గణం కోసం ‘యోకొ’ చేశారు, అన్యదేశ్యం (పరభాషా పదం) కనుక చెల్లుతుంది. నాకు అడ్డుపడింది రెండో పాదం. బంట్లు పగ మరచి నిలబడిపోతే నాలుగో పాదంలో తలపడిందెవరు? ఆ బల్ల మీద ఆట మామూలుగానే మొదలవుతుంది. పావులు కలగలిసేసరికి ఏది ఎవరిదో గుర్తుండదు. పోరు ఆగేది అక్కడే. ఆ తికమకనే చూపించండి:

*ఎవరి బంటొ మఱచి రిరువురపుడు*

పద్యప్రియ: ఇది నాకు తట్టనే లేదు. మార్చుకుంటాను, ధన్యవాదాలండీ.

చదరంగి:

గోళములవె బంట్లు, కోణమే రాజగు
వాయులీన శిరము వాజియయ్యె
నలుపు గెలుచునొక్కొ? నాకు ముందుగ నీవు
తెలుపు; తెలుపుతోడ తలపడినది

అమెరికన్ కళాకారుడు మాన్ రే 1920లో రూపొందించిన పావులివి. రాజు పిరమిడ్, మంత్రి శంకువు, ఏనుగు ఘనం. గుర్రం కోసం ఆయన వయొలిన్ కొసన చుట్ట తిరిగి ఉండే తలను వాడాడు.

నిర్వాహకుడు: ‘తెలుపు’ను ‘చెప్పు’ అనే క్రియగా విరవడంతో సమస్య ఒక్క దెబ్బకు విడిపోయింది! వాయులీనం వాజి కావడం ఇంకా బాగుంది. ఆ మెలికలో వంచిన మెడ కనిపిస్తుంది. ‘ముందుగ’ ఒక్కటే గణం నింపడానికి వచ్చినట్టుంది. ‘నాకు దాచక నీవు’ అనండి, గణాలు చెదరవు, అడిగే గొంతులో ఆత్రం కూడా వస్తుంది.

కొత్తసభ్యుడు: తొలి ప్రయత్నం, తప్పులుంటే దిద్దండి.

ఎఱుపు వన్నె మాసె నెన్ని యేండ్లాయెనో
ఇసుక పొరలలోన నిదురపోయి
అద్దమందు నిలువ నన్నియు నొకరంగె
తెలుపు తెలుపుతోడ తలపడినది

1831లో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో బయటపడిన పావుల గురించి. ఎక్కువ భాగం వాల్రస్ అనే సముద్ర జంతువు దంతంతో చెక్కినవి. దొరికినప్పుడు కొన్నింటికి ఎరుపు రంగు ఉండేదట.

చదరంగి: ఆ సెట్టులో డాలు అంచును పళ్లతో కొరుకుతున్న భటుడు ఉంటాడు. చెంపకు చెయ్యి ఆనించి దిగులుగా కూర్చున్న రాణి కూడా. వాళ్లలో ఒక్కరైనా పద్యంలోకి రావలసింది.

నిర్వాహకుడు: నిజమే, కానీ ముందు యతి చూద్దాం. రెండో పాదంలో ‘ఇ’కి ‘ని’ కుదరదు. ‘నిదుర’లో నకారం ఆ మాటకు సొంతం. మొదటి పాదంలో ‘మాసె నెన్ని’ అన్నప్పుడు వచ్చిన నకారం ద్రుతం (ముందు మాట చివర చేరే నకారం), అందుకే అక్కడ అచ్చుకు అచ్చు సరిపోయింది. రెండో పాదాన్ని ఇలా చేయవచ్చు:

*ఒడ్డు నిసుకలోన నొదిగియుండి*

రంగు వెలిసిపోయి శత్రువులిద్దరూ ఒకే దంతంగా మిగిలారన్న ఊహ మాత్రం పూర్తిగా నీదే నాయనా. ఈ మూడింటిలో నేను మళ్లీ మళ్లీ చదువుకున్నది ఈ పద్యమే.

కొత్తసభ్యుడు: యతి అర్థమైంది గురువుగారూ. డాలు కొరికే భటుణ్ణి మూడో పాదంలోకి తేగలనేమో చూస్తాను.