మోయామోయా పిల్లలకి ఎండాకాలం జాగ్రత్తలు: రాయగడ, కోరాపుట్ వైపు వాళ్లు చెప్పండి

నాగావళి గట్టు, రాయగడ:
ఎనిమిదేళ్ల పాప, 20 కిలోలు, రెండు వైపులా మోయామోయా (మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలు సన్నబడిపోయే జబ్బు). ఆస్పిరిన్ నడుస్తోంది, మెదడుకి రక్తం అందించే బైపాస్ ఆపరేషన్‌కి తేదీ రాలేదు. ఎండల్లో నీళ్లెంత తాగించాలి? విశాఖ రైల్లో ఏం పట్టుకెళ్లాలి? బళ్లో ఆటలకి పంపొచ్చా?

పర్లాకిమిడి పీట:
నీళ్ల సంగతి తరవాత. ముందు ఇంట్లో ఊదుగొట్టం దాచీండి. కట్టెల పొయ్యి ఊదడం, వెక్కివెక్కి ఏడవడం, బెలూను, పిల్లనగ్రోవి, వేడి గంజి ఉఫ్ ఉఫ్ మని చల్లార్చడం, అన్నిటిదీ ఒకటే లెక్క. గబగబా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతాది, మెదడు నాళాలు ముడుచుకుంటాయి. మామూలు పిల్లలకి కాస్త తల తిరుగుతాది, అంతే. వీళ్లకి కెరోటిడ్ (మెడలోంచి మెదడుకెళ్లే పెద్ద నాళం) చివర ముందే సన్నబడిపోయింది, పొగలాగ అల్లుకున్న సన్న నాళాలే దిక్కు. ఆ కాస్తా తగ్గితే చెయ్యి వాలిపోతాది, మాట తడబడతాది. గంజి వెడల్పు పళ్లెంలో పోసి ఫేను కింద పెట్టండి.

ప్రాణవాయువు 22:
22 ఏళ్లుగా యోగా నేర్పుతున్నాను. ఊపిరి వల్ల వచ్చే రోగం నేను చూడలేదు. రోజూ కపాలభాతి 5 నిమిషాలు, భస్త్రిక 3 నిమిషాలు చేయించండి. ఆక్సిజన్ పెరిగి నాళాలు తెరుచుకుంటాయి. ఇది ఏ డాక్టరూ చెప్పడు.

సిరోంచ ప్రాణహిత:
ఎట్ల చెప్తడు? చెప్తే ఆ పిల్లకు పక్షవాతం వస్తది! కపాలభాతి అంటే ఏంది, గబగబ ఊపిరి బయటకు కొట్టుడే గద. ఇప్పుడే పైన రాసిండు, చదవకుండనే పోస్టు పెట్టినవ్. ఆ పోస్టు తీసెయ్యి సారూ, ఎవరన్నా నమ్మి చేస్తరు.

ప్రాణవాయువు 22:
మర్యాదగా మాట్లాడండి. ఊపిరి మెల్లగా తీసుకుని మెల్లగా వదిలే పద్ధతీ ఉంది, అది నష్టం చేస్తుందా?

సిరోంచ ప్రాణహిత:
మెల్లగ అంటే నాకేం పంచాయితీ లేదు. నువ్వు రాసింది భస్త్రిక. మాట మార్చకు.

వంశధార ల్యాబ్, గుణుపురం:
గొడవ ఆపండి, అసలు ప్రమాదం ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) గదిలో ఉంది. మూర్ఛ అనుమానంతో ఈఈజీకి పంపితే టెక్నీషియన్ అలవాటుగా 3 నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటాడు, పిల్లలైతే కాగితం చక్రం ఊదమంటాడు. చీటీ మీద పెద్ద అక్షరాలతో ‘మోయామోయా, హైపర్‌వెంటిలేషన్ వద్దు’ (అంటే గబగబా ఊపిరి తీయించొద్దు) అని రాయించుకోండి. నోటిమాట మీద వదలకండి, డ్యూటీ మారితే పోతుంది. పన్ను పీకించినా మత్తు ఇచ్చినా ఇదే చీటీ. ఖాళీ కడుపుతో ఉండమన్న రాత్రి నుంచే డ్రిప్ పెట్టమని అడగండి. ఆస్పిరిన్ ఆపాలా వద్దా అన్నది న్యూరోసర్జన్ చెప్పాలి, పళ్ల డాక్టరు కాదు.

ప్రాణవాయువు 22:
పాత కాలంలో ఈ పరీక్షలేవీ లేవు.

పర్లాకిమిడి పీట:
1969లో జపాన్ వాళ్లు పేరు పెట్టేదాకా ఈ జబ్బుకి పేరే లేదు లెండి. లేని పేరుతో ఎవరు చస్తే ఎవరికి తెలుస్తాది?

జయపురం జీలుగు:
ఒకటి అడగడం మరిచారు. సికిల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు) పరీక్ష చేయించారా? కోరాపుట్, గడ్చిరోలి వైపు పిల్లల్లో సికిల్ ఎక్కువ. సికిల్ వల్ల కూడా మెదడు నాళాలు ఇలాగే సన్నబడతాయి, అప్పుడు వైద్యం దారే వేరు. సికిల్‌కి తొలిగా చేసే సొల్యుబిలిటీ రక్తపరీక్ష పాజిటివ్ వస్తే అక్కడితో ఆగకండి. జబ్బా, ఒట్టి ట్రెయిటా (అమ్మానాన్నల్లో ఒకరి నుంచే జన్యువు రావడం) అన్నది హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలోనే తేలుతుంది. జబ్బైతే 2 నుంచి 16 ఏళ్ల వరకు ఏటా మెదడు నాళాల్లో రక్తం వేగం కొలిచే డాప్లర్ స్కాన్ చూడాలి. వేగం సెకనుకి 200 సెంటీమీటర్లు దాటితే రక్తం ఎక్కించడం మొదలుపెడతారు. ఆస్పిరిన్ ఒక్కటే నమ్ముకుంటే కుదరదు.

నాగావళి గట్టు, రాయగడ:
సికిల్ లేదండీ, చూశారు. నీళ్లు?

వంశధార ల్యాబ్, గుణుపురం:
20 కిలోలకి మామూలు రోజున లీటరున్నర, ఎండకి ఇంకా పెంచాలి. గంటకో అర గ్లాసు, నిద్ర లేవగానే తప్పకుండా. విరేచనాలైతే ఓఆర్‌ఎస్, కానీ పాకెట్ వెనక చదవండి. పెద్దది లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. చిన్న పాకెట్ లీటరులో కలిపితే అది ఉత్త నీళ్లే, పెద్దది గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ఇంకా ముప్పు. వాంతులై ఏదీ నిలవకపోతే ఇంట్లో కూర్చోకండి, డ్రిప్ పెట్టించండి. జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్రమే. డెంగీ, ఫ్లూ, ఆటలమ్మ అనుమానం ఉంటే ఆస్పిరిన్ గురించి ఆ రోజే డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు ఆపకండి, కొనసాగించకండి.

సిరోంచ ప్రాణహిత:
మా దిక్కు ఎండ ఏటా 45 దాటుతది. ఆటలకు పొద్దున ఏడు లోపే పంపు, పరుగు పందెం వద్దు. చెయ్యి వాలిందంటే పండుకోబెట్టు, ఏడవనియ్యకు, టైము రాసుకో, నోట్లె ఏం పెట్టకు. పది నిమిషాల్ల తగ్గినా దవాఖానకు పో. ఇంకో ఆస్పిరిన్ మింగియ్యద్దు, బ్లాకో బ్లీడింగో సీటీ తీయకుండ ఎవనికీ తెల్వది.

బరంపురం బావ:
ఆపరేషన్ అయ్యాక కళ్లద్దాల సంగతి ఎవరూ రాయలేదే. చెవి ముందు నుంచి పోయే నాళాన్నే లోపలికి కలుపుతారు, దాని మీద కాడ నొక్కకూడదు. వదులుగా సరిచేయించండి. తలగుడ్డ, బిగుతు రబ్బరు బ్యాండు కూడా వద్దు.

నాగావళి గట్టు, రాయగడ:
రైలు గురించి ఎవరూ చెప్పలేదండీ.

పర్లాకిమిడి పీట:
కింది బెర్తు, రెండు నీళ్ల సీసాలు, ఆంజియో (మెదడు నాళాల స్కాన్) సీడీ, మందుల చీటీ. వేడి పకోడీ కొంటే విరిచి ఆరబెట్టి ఇవ్వండి, ఊదనీయొద్దు.

ప్రాణవాయువు 22:
మళ్లీ ఊదుడేనా?

బరంపురం బావ:
సరే, మరి హెల్మెట్ పెడితే ఆ నాళం మీద పడదా? ఎవరైనా చెప్పండి.