జయపురంలో కొత్త డీజిల్ బండి: రెండు నెలలకే పసుపు లైటు, తప్పు నాదా బండిదా?

జయపురం బట్టల కొట్టు:
అందరికీ నమస్తే. దసరాకి బండి తీసుకున్నాను. కంపెనీ పేరు రాయను, రాస్తే అసలు ప్రశ్న పక్కకి పోయి మీ కంపెనీ మా కంపెనీ అని మొదలవుతుంది. రెండు లీటర్ల డీజిల్, 170 పీఎస్ పవరు, 350 ఎన్ఎం టార్క్ (లాగే బలం), ఆటోమేటిక్, నల్ల అల్లాయ్ చక్రాలు. ఇంట్లో మా అత్తగారితో కలిపి ఐదుగురం. ఇంతకుముందు పదకొండేళ్ళు చిన్న పెట్రోల్ కారు నడిపాను, దాంట్లో సాలూరు ఘాట్ ఎక్కాలంటే ఏసీ కట్టేసి, లారీ వెనక రెండో గేరులో ఊపిరి బిగబట్టుకుని ఎక్కేవాళ్ళం.

ఇప్పుడు ఆ ఘాట్‌లోనే సుంకి దగ్గర అదే లారీ కనిపిస్తే, రోడ్డు ఖాళీగా ఉందని చూసుకుని కాస్త తొక్కితే చాలు, అది అద్దంలో ఉంటుంది. 1,700 ఆర్‌పీఎం దాకా తీరిగ్గా ఉంటుంది గానీ అక్కణ్ణుంచి మాత్రం నిజంగా మజా. మొదటి వారమే స్పోర్ట్ మోడ్ పెట్టి చూపిద్దామనుకున్నాను, మూడో మలుపు దగ్గర మా చిన్నోడు కొత్త సీటు మీద వాంతి చేసుకున్నాడు. ఆ బటన్ ముట్టుకుంటే మా ఆవిడ ఇప్పటికీ నా వైపే చూస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బయట నిలబడ్డవాళ్ళకి ట్రాక్టర్‌లా వినిపిస్తుంది, లోపల ఏమీ తెలీదు. సీట్లు గట్టిగా ఉన్నాయి, అత్తగారికి నడుం దగ్గర దిండు పెట్టాలి. అంతకుమించి వంకలేం లేవు.

ఇక అసలు బాధ. ఇంటి నుంచి కొట్టుకి రెండు కిలోమీటర్లు, పిల్లల స్కూలు మూడు. రోజూ ఇదే తిరుగుడు. పోయిన వారం పసుపు లైటు వెలిగింది, సైలెన్సర్ గొట్టంలో చుక్కలున్నట్టు బొమ్మ. ఇంజన్ ఆపేశాక కూడా ఫ్యాన్ తిరుగుతోంది, ఏదో మాడిన వాసన. మైలేజీ తొమ్మిదికి పడిపోయింది. డెలివరీ రోజు కొబ్బరికాయ కొట్టించి, కేకు కోయించి, ఫొటో తీసి పంపిన షోరూమ్ వాళ్ళు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్ చేస్తే "హైవే మీద తిప్పండి సార్" అని పెట్టేశారు. ఎంతసేపు తిప్పాలి, ఎందుకు తిప్పాలి? ఇంత డబ్బు పోసి కొన్న బండి పాడైందా అని ఒకటే టెన్షన్.

రాయగడ టర్బో:
అన్నా, పాడవలేదు, కంగారు పడకు. అది డీపీఎఫ్ లైటు, అంటే మసి పట్టే ఫిల్టర్‌ది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చాక కొత్త డీజిల్ కార్లలో పొగ గొట్టానికి ఈ ఫిల్టర్ ఉంటుంది, మసిని బయటికి వదలకుండా పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని ఎప్పుడో ఒకప్పుడు కాల్చాలి కదా, దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, అందుకని బండే కొంచెం ఎక్కువ డీజిల్ పోసి ఆ వేడి పుట్టిస్తుంది. అప్పుడే మైలేజీ పడిపోతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, వాసన వస్తుంది. నువ్వేమో అది మొదలవగానే కొట్టు ముందు ఆపేస్తున్నావు. పొయ్యి వెలిగించగానే నీళ్ళు చల్లినట్టు. అలా నాలుగైదు సార్లు జరిగితే లైటు వేస్తుంది.

చేయాల్సింది ఇంతే: ఖాళీ రోడ్డు మీద ఒక ఇరవై నిమిషాలు ఆపకుండా, అరవై డెబ్భైలో, ఆర్‌పీఎం రెండు వేల పైన ఉండేట్టు నడుపు. మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు తగ్గించుకో. లైటు ఎర్రగా మారినా, బండి బలం తగ్గినట్టు అనిపించినా మాత్రం తిప్పొద్దు, సర్వీసుకి తీసుకెళ్ళు, వాళ్ళు కంప్యూటర్ పెట్టి కాలుస్తారు.

బరంపురం బ్రదర్:
రెండు కిలోమీటర్ల కొట్టుకి 350 ఎన్ఎం ఎందుకు గురూ? స్కూటీ మీద వెళ్ళేవాళ్ళం. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరగనివాడు పెట్రోలే కొనాలి, ఎవరూ చెప్పరు, అమ్మేవాడు అసలే చెప్పడు. మారుతి వాళ్ళు 2020లోనే డీజిల్ కార్లు ఆపేశారు, ఊరికేనా?

పర్లాకిమిడి పాత డ్రైవర్:
బరంపురం బాబూ, కొన్నాక అనడం తేలిక. ఘాట్ రోడ్ల వాడికి డీజిల్ విలువ బీచ్ రోడ్డు వాడికి తెలీదు. ముప్ఫై ఏళ్ళు ఈ ఘాట్ మీదుగా పోయే పాత 43వ నంబరు హైవే మీద బండి తోలాను, ఇప్పుడు 26 అంటున్నారు లెండి.

జయపురం బాబూ, ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. మసి కాల్చడానికి పోసిన డీజిల్, మధ్యలో ఆపేస్తే కొంత ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. నెలకోసారి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సమానంగా ఉన్న చోట బండి పెట్టి, ఆయిల్ మట్టం చూపించే డిప్ స్టిక్ తీసి చూడు. ఆయిల్ తగ్గితే అందరూ భయపడతారు, దీంట్లో పెరిగితే భయపడాలి. మాక్స్ గీత దాటితే ఆయిల్ మార్పించెయ్. మార్చేటప్పుడు కూడా లో యాష్ (కాలితే బూడిద తక్కువ మిగిలే) ఆయిలే పోయించు, రోడ్డు పక్కన మెకానిక్కు డబ్బాలో ఏది ఉంటే అది పోస్తానంటే వద్దను.

నీ బండికి డెఫ్ ట్యాంకు కూడా ఉందేమో చూసుకో, నీలం మూత ఉంటుంది. దాంట్లో పోసేది యూరియా నీళ్ళు, పొగలో విషవాయువులు తగ్గించడానికి. మా మేనల్లుడు ఒకడు దాన్ని డీజిల్ ట్యాంకులో పోశాడు. తర్వాత ఎంతైందో అడక్కు, ఇప్పటికీ వాళ్ళ నాన్న మాట్లాడట్లేదు.

జయపురం బట్టల కొట్టు:
అందరికీ థాంక్స్. బరంపురం అన్నయ్యా, స్కూటీ మీద అత్తగారిని సాలూరు పెళ్ళికి తీసుకెళ్ళలేను కదా. పాత డ్రైవర్ గారూ, డిప్ స్టిక్ చూశాను, మాక్స్ గీతకి సరిగ్గా కిందే ఉంది, దాటలేదు. ఆదివారం కొరాపుట్ వెళ్దామనుకుంటున్నా, ఇరవై పైచిలుకు కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ ఉంది. సరిపోతుందా?

రాయగడ టర్బో:
ఎక్కేటప్పుడు బాగా పనికొస్తుంది, ఇంజన్ మీద బరువుంటే పొగ వేడిగా ఉంటుంది. దిగేటప్పుడు లాభం లేదు, చల్లారిపోతుంది. కాబట్టి కొరాపుట్‌లో ఆగకుండా సునాబెడా దాటి సెమిలిగుడ దాకా పో, పైన రోడ్డు చాలావరకు సాఫీగా ఉంటుంది. అక్కడ టిఫిన్ చేసి వెనక్కి రా.

జయపురం బట్టల కొట్టు:
వెళ్ళొచ్చాను. సునాబెడా దాటిన కాసేపటికి లైటు ఆరింది. ఆ ఇరవై నిమిషాలు మీటర్లో మైలేజీ ఆరు ఏడు చూపించింది, తర్వాత తిరుగు దారిలో పదహారుకి వచ్చింది. వచ్చేటప్పుడు కొరాపుట్ జగన్నాథుడి గుడిలో దర్శనం కూడా అయింది.

ఇంట్లో మాత్రం బండి మసి సంగతి చెప్పలేదు, దర్శనానికే అని తీసుకెళ్ళాను. అత్తగారు పొంగిపోయి అల్లుడు మారాడని పక్కింట్లో చెప్పారట. ఇప్పుడు వచ్చే ఆదివారం గుప్తేశ్వరం శివుడి గుడి అంటున్నారు. ఆ అడవి దారిలో అరవైలో ఇరవై నిమిషాలు ఆగకుండా నడపడం కుదురుతుందా, ఎవరైనా ఈమధ్య వెళ్ళారా?