అప్‌డేట్: టైమింగ్ బెల్ట్ మార్చిన కొన్నాళ్లకే ఆగిన ఇంజిన్

1.5 లీటర్ల డీజిల్ కారుకు కొత్త టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు, వాల్వుల కదలికను జతకలిపే బెల్ట్) వేశాక నడుస్తూ ఆగిపోయిందని, సెల్ఫ్ కొడితే ఇంజిన్ మరీ తేలిగ్గా తిరుగుతోందని అడిగాను. మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దన్నవాళ్లకు థ్యాంక్స్.

కవర్ విప్పితే బెల్ట్ తెగలేదు. పట్టేసింది టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా ఉంచే చక్రం) బేరింగ్. బెల్ట్ ఒక్కటే మార్చి, పాత టెన్షనర్‌నే బిగించారు! బెల్ట్ వదులై పళ్లు జారింది, పిస్టన్లు వాల్వులను కొట్టాయి. రెండు సిలిండర్లలో కంప్రెషన్ (గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) సున్నా.

హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) దించేముందు గ్లో ప్లగ్ (సిలిండర్‌ను వేడిచేసే ప్లగ్) రంధ్రంలోంచి గాలి పంపి, ఎటు లీకవుతోందో చూడటం మంచిది. ఆ సిలిండర్ వాల్వులు రెండూ మూసుకునే స్థితిలో క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) ఉండాలి, లేకపోతే పరీక్షకు అర్థం లేదు. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ వైపైతే ఎగ్జాస్ట్, ఆయిల్ మూత దగ్గరైతే పిస్టన్ రింగులు. ఇక్కడ ఇన్‌టేక్ వాల్వులే వంగాయి.

వంగిన వాల్వులు, గాస్కెట్, హెడ్ బోల్టులు కొత్తవి. బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే చక్రం), వాటర్ పంపు కలిపి మార్చారు. స్టార్ట్ చేసేముందు క్రాంక్‌ను (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీని) చేత్తో రెండు చుట్లు తిప్పి టైమింగ్ మార్కులు మళ్లీ సరిచూశారు.

పాత టెన్షనర్, ఫొటోలు, టెన్షనర్ పేరే లేని మొదటి బిల్లు ముందు పెట్టాక గ్యారేజీ కూలీ వదిలేసి, విడిభాగాల్లో సగం భరించింది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ దాకా వెళ్లలేదు.