పరావర్తనమా, వక్రీభవనమా? అయనావరణం నుంచి మళ్ళే రేడియో తరంగానికి ఏ మాట తగినది?

ప్రశ్న:
యాంటెన్నాలు, రేడియో తరంగ ప్రసరణ గురించి తెలుగులో పాఠం రాస్తున్నాను. షార్ట్‌వేవ్ తరంగాలు అయనావరణాన్ని, అంటే ఐనోస్ఫియర్‌ను చేరి తిరిగి నేలకు దిగడాన్ని కొందరు పరావర్తనమని, మరికొందరు వక్రీభవనమని రాస్తున్నారు. ఏది ఉచితమో సభ్యులు తెలుపగలరు.

జవాబు:
జరిగే పనిని బట్టి చూస్తే వక్రీభవనమే సరైన మాట అని నా అభిప్రాయం. సుమారు 60 కిలోమీటర్ల ఎత్తున మొదలయ్యే ఈ ఆవరణంలో సూర్యుని అతినీలలోహిత, ఎక్స్ కిరణాల తాకిడికి వాయు కణాల నుంచి ఎలక్ట్రాన్లు విడివడతాయి. పైకి పోయేకొద్దీ ఎలక్ట్రాన్ల సాంద్రత పెరిగే భాగంలో రేడియో తరంగానికి వక్రీభవన గుణకం, అంటే తరంగం ఎంత వంగుతుందో నిర్ణయించే సంఖ్య, ఒకటి కంటే తగ్గుతూ పోతుంది కనుక, ఏటవాలుగా వెళ్ళిన తరంగం కొద్దికొద్దిగా లంబానికి దూరంగా వంగి, ఒక ఎత్తున నేలకు సమాంతరమై, అక్కడి నుంచి కిందికి మళ్ళుతుంది. అద్దం వంటి తలం అక్కడ ఏదీ లేదు. కాగిన నేల మీద ఎండమావిని చూపించేది కూడా ఇటువంటి వంపే, కాకపోతే తలకిందులుగా. సెల్‌ఫోన్లు వాడే వందల మెగాహెర్ట్‌జ్ తరంగాలను ఈ ఆవరణం వెనక్కి మళ్ళించలేదు గనుక, సెల్‌ఫోన్ల గురించి రాసే పాఠంలో ఈ చిక్కే రాదు.

మాట నిర్మాణం చూసినా నాకు ఇదే తోస్తున్నది. ‘వక్రీ’ అన్న సంస్కృత రూపం అంతకుముందు వక్రం కానిది వక్రం కావడాన్ని తెలుపుతుంది. గాజులోకి ప్రవేశించే కాంతికి ఈ పేరు వాడుతున్నాం గాని, ఆ కిరణం సరిహద్దు దగ్గర ఒక్కసారి దిశ మార్చుకొని మళ్ళీ తిన్నగానే పోతుంది. పేరుకు తగినట్టు నిజంగా వంపు తిరిగేది అయనావరణంలోని తరంగమే.

మరొక సభ్యుని స్పందన:
పై వివరణలో ఒక్క అభ్యంతరం ఉన్నది. అయనావరణపు పొరల ఎత్తును కొలిచేవారు తరంగాన్ని నిట్టనిలువుగా పంపుతారు. దానికి పక్కకు వంగే అవకాశం లేదు. వక్రీభవన గుణకం సున్నాకు చేరిన ఎత్తున అది వచ్చిన దారినే వెనుదిరుగుతుంది. ఘనపు మీటరుకు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లున్న పొర సుమారు 9 మెగాహెర్ట్‌జ్ వరకు తరంగాలను ఇలా తిప్పి పంపుతుంది. పరావర్తనమంటే వెనుదిరగడమే కదా, దీనిని వక్రీభవనమని ఎలా అనగలం?

జవాబు:
అభ్యంతరం న్యాయమైనదే; నిలువు తరంగానికి పరావర్తనమనే రాయాలి. అయితే యాంటెన్నా పాఠంలో ఎక్కువగా పని పడేది ఏటవాలు తరంగంతో. అడ్డంగా కట్టిన యాంటెన్నా నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నదన్న దానిని బట్టి తరంగం బయలుదేరే కోణం, ఆ కోణాన్ని బట్టి అది దిగే దూరం మారుతాయి. మీరు చెప్పిన 9 మెగాహెర్ట్‌జ్ పొర నుంచే, తగినంత ఏటవాలుగా పంపితే, 15 మెగాహెర్ట్‌జ్ తరంగం కూడా నేలకు దిగుతుంది. పరావర్తనమని మాత్రమే నేర్చిన విద్యార్థి, నిలువుగా పంపినప్పుడు పొరను దాటిపోయిన అదే తరంగం ఏటవాలుగా పంపినప్పుడు ఎందుకు తిరిగివచ్చిందో చెప్పలేడు.